సరేనండి డాక్టరు

"మేడమ్, ఈ సాయంత్రం ఆన్‌కాల్ ఎవరు? నవ్వుల డాక్టరు గారికి జ్వరమట, రాలేనని ఇప్పుడే ఫోన్ చేశారు," అంది రిసెప్షనిస్టు, తలుపు సగం తీసి.

ఆన్‌కాల్ మేడమ్ గుండెల్లో రాయి పడింది. ఆసుపత్రి కౌంటరు మూసేశాక ఏ రోగికి ఏం వచ్చినా ఫోన్ ఎత్తి, అవసరమైతే పరిగెత్తుకొచ్చే డాక్టరు ఎవరో ఆమె వేసే చార్టే చెబుతుంది. వినడానికి పెద్ద అధికారంలా ఉంటుంది గానీ, అందరి చేతా తిట్లు తినే ఉద్యోగమది. పైకి మాత్రం అంతా మర్యాదే. గడపలోపల ఎవరు ఎవరినైనా సార్, మేడమ్ అనాల్సిందేనని పెద్దడాక్టరు గారి రూలు. వెనకాల అందరికీ ఒక్కో ముద్దుపేరు ఉంది, అది వేరే సంగతి.

ముందు కొత్త డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"రాత్రంతా మేలుకున్నది నేనే కదా మేడమ్? ఇవాళ కూడా అంటే రేపు నన్నే అడ్మిట్ చేసుకోవాలి."

అదీ నిజమే. తర్వాత పొడుగు డాక్టరుకి చేసింది.

"అయ్యో, నేను ఊళ్లో లేనమ్మా. చాలా దూరంలో ఉన్నాను," అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే వీధిలో పాతసామాన్లు కొనేవాడు మైకులో కేకేశాడు. ఆ కేక కిటికీలోంచి ఒక చెవికీ, ఫోన్లోంచి ఇంకో చెవికీ వినిపించింది. పొడుగు డాక్టరు ఇల్లు ఆసుపత్రి వెనక సందులోనే.

"సరే సార్, జాగ్రత్తగా రండి," అని పెట్టేసింది.

పక్కనే నిలబడి విన్న రిసెప్షనిస్టుకి ఒళ్లు మండింది. "అదేంటి మేడమ్! ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుని అబద్ధం చెప్తుంటే జాగ్రత్తగా రమ్మంటారా? పెద్దడాక్టరు గారికి చెప్పండి."

"నువ్వూరుకో."

పోయిన మీటింగులో ఆ పొడుగాయనే అందరి ముందూ లేచి, "చార్టు వేసేవాళ్లకి తన, పర అనే తేడా ఉండకూడదు," అన్నాడు. పేరు పెట్టి అనలేదు గానీ చూపులన్నీ ఆమె మీదికే తిరిగాయి. ఆ రోజు తలెత్తుకోలేకపోయింది. అప్పట్నుంచీ చార్టు ముందు కూర్చున్నప్పుడల్లా ఎవరేమంటారోనన్న భయమే.

ఇక మిగిలింది సరేనండి డాక్టరు. ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. సెలవు రోజు డ్యూటీ అన్నా సరేనండి, ఇంకొకరి డ్యూటీ నెత్తిన వేసినా సరేనండి.

"మళ్లీ ఆయనకేనా?" అంది రిసెప్షనిస్టు. "పాపం, ఈ ఒక్కరోజైనా వదిలెయ్యండి మేడమ్."

"ఇంకెవరున్నారు చెప్పు?"

రిసెప్షనిస్టు కిటికీలోంచి వెనక సందు వైపు చూసింది.

ఆమె వెళ్లేసరికి సరేనండి డాక్టరు ఒక ముసలావిడకి బీపీ చూస్తున్నాడు.

"సార్, ఈ సాయంత్రం ఆన్‌కాల్ మీరు చూడాలి."

ఆయన చెవుల్లోంచి స్టెతస్కోపు తీశాడు. "ఈ సాయంత్రమా? పాప నాటకం ఈరోజే కదండి."

"తెలుసు సార్."

"పుట్టినరోజుకీ ఇలాగే అయింది. ఈసారి ముందు వరసలో కూర్చుంటానని ఒట్టేశాను. నాటకం మొత్తంలో దానిది ఒకే ఒక్క మాట. అది నేను వినాలట."

"ఎవరూ లేరు సార్. అందర్నీ అడిగాను."

"ఒక్కరికీ కుదరలేదా?"

"కుదరలేదు," అంది నేలకేసి చూస్తూ.

ముసలావిడ ఉండబట్టలేకపోయింది. "ఏం మనిషివమ్మా నువ్వు? అక్కడ బిడ్డ ఎదురు చూస్తుంటుంది కదా. నీకు పిల్లల్లేరా తల్లీ?"

ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"ఆవిడ్నేం అనకండమ్మా," అన్నాడు డాక్టరు మెల్లగా. "ఆవిడ ఉద్యోగం అలాంటిది."

ఆ మాట ముసలావిడ మాటకన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆయన నాలుగు కేకలేసినా బావుండేది.

"పాపకి ఎవరు చెప్తారు?" అన్నాడు. "నా వల్ల కాదు."

"నేను చెప్తాను సార్."

ఆయన స్టెతస్కోపు మళ్లీ చెవుల్లో పెట్టుకుంటూ, "సరేనండి," అన్నాడు.

బయటికొచ్చి చార్టులో పేరు మార్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అబద్ధమాడినాయన్ని జాగ్రత్తగా రండని సాగనంపి, నిజం చెప్పినాయన సాయంత్రం లాక్కుంది. అరిచేవాళ్లంటే భయం, అరవనివాళ్లంటే అలుసు. ఇన్నాళ్లూ న్యాయమని చెప్పుకుంటూ తను చేస్తున్నది ఇదేనా అనిపించింది.

పర్మిషన్ పెట్టి స్కూలుకి బయలుదేరింది. ఫోన్లో చెప్పి చేతులు దులుపుకోకూడదు, పాప ఎదురుగా నిలబడి చెప్పాలి, ఆ మాత్రం శిక్షైనా తనకి పడాలి. దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. ఏదీ నోట నిలవలేదు.

స్టేజి పక్కన పిల్లలంతా వేషాల్లో ఉన్నారు. ఆకుపచ్చ గుడ్డలు చుట్టుకుని చెట్టు వేషంలో ఉన్న పాప తెర సందులోంచి ముందు వరసకేసి చూస్తోంది. అక్కడ ఒక కుర్చీలో ఎవరూ కూర్చోకుండా స్కూలు బ్యాగు పెట్టి ఉంది.

ఆమె పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాన్నకి రావడం కుదరలేదు. డ్యూటీ పడింది," అంది, ఆ డ్యూటీ ఎక్కడో ఆకాశంలోంచి ఊడిపడినట్టు.

పాప ఏడవలేదు. కళ్లు తుడుచుకుంటే మొహాన రంగు పోతుందని టీచరు చెప్పినట్టుంది, నీళ్లని అలాగే నిలబెట్టుకుని ఆమె కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఎప్పుడూ నాన్నకే డ్యూటీ వేసేదెవరు?"