రెండు కెమెరాలు, ఒక మచ్చ

"కదలకండి. ఊపిరి కూడా బిగబట్టండి."

"ఫొటో తీస్తున్నావా, ఆపరేషన్ చేస్తున్నావా?" అన్నాడు భర్త. చొక్కా విప్పి, కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆమె నవ్వలేదు. బట్టలు కుట్టేటప్పుడు కొలతలు తీసే టేపును ఎడమచేత్తో అతని వీపు మీది మచ్చ పక్కన ఆనించి, కుడిచేత్తో మీట నొక్కింది. ముందు పాత కెమెరాతో, తర్వాత ఆడపడుచు దగ్గర అడిగి తెచ్చుకున్న కొత్త కెమెరాతో.

నెలకో ఫొటో తీసి ఉంచమనీ, మచ్చ పెరిగినట్టు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ ప్రకారం భార్య నాలుగు నెలలు పాత కెమెరాతోనే తీసింది. ఐదో నెల అది మొరాయిస్తే కొత్తదానితో తీసింది. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. గోధుమరంగులో ఉండే మచ్చ కాస్తా నల్లగా, అంచులు ఎలుక కొరికినట్టుగా కనిపించింది. మారింది మచ్చా, కెమెరానా? అది తేల్చుకోవడానికే పాతదాన్ని బాగు చేయించి ఈ పరీక్ష పెట్టింది.

రెండు ఫొటోలనూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టింది. పాతదాంట్లో గోధుమరంగు. కొత్తదాంట్లో నలుపు.

"నీ పాతదానికి చత్వారమే," అన్నాడు భర్త. "టేపు మీద చిన్నగీతలన్నీ అలికేసింది. కొత్తది చూడు, టేపు గీతలే కాదు, నీ బొటనవేలి గోరు మీద నల్లగీత కూడా పట్టేసింది!"

"ఎప్పుడో సూది గుచ్చుకుని ఉంటుంది. నా గోరు గొడవ ఎందుకిప్పుడు? మచ్చ చూడండి!"

"చూశాగా. తేడా కెమెరాదే. ఇంకా భయమెందుకు?"

"అంటే ఇన్నాళ్లూ పాతది అబద్ధం చెప్పినట్టేగా? మొదట్నుంచీ ఇది నల్లగానే ఉందేమో!"

అతని ముఖంలో నవ్వు మాయమైంది. "పద," అన్నాడు, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటూ.

డాక్టరమ్మ ముందు మచ్చను భూతద్దంతో చూసింది. తర్వాత ఫొటోలన్నీ తెరమీద పెట్టి, ఒక్కో నెలా మచ్చ వెడల్పును పక్కనున్న టేపుతో సరిచూసింది. ఆ కాసేపూ భార్య అతని చొక్కా అంచు పట్టుకునే కూర్చుంది. ఈయనకేమన్నా అయితే తన గతేమిటన్న ఆలోచన తప్ప ఇంకేమీ తోచలేదు.

"రవ్వంత కూడా పెరగలేదు," అంది డాక్టరమ్మ. "కొత్త కెమెరా ఉన్నది ఉన్నట్టు చూపించింది, అంతే. ఇది మామూలు పుట్టుమచ్చ. నిశ్చింతగా ఉండండి."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నేను చెప్పలేదూ?" అన్నాడు భర్త, తనకసలు భయమే వేయనట్టు. "ఊరికే కంగారుపడి చస్తుంది డాక్టరమ్మా. వస్తాం మరి."

ఇద్దరూ లేచారు. డాక్టరమ్మ మాత్రం తెరమీంచి చూపు తిప్పలేదు. కొత్త కెమెరాతో తీసిన ఫొటోలో ఒక మూలను పెద్దది చేసింది. మళ్లీ పెద్దది చేసింది.

"ఒక్క నిమిషం కూర్చోండి," అంది, గొంతు తగ్గించి.

"గోరు మీద ఈ నల్లగీత ఉన్న బొటనవేలు ఎవరిది?"