ముట్టినట్టు రసీదు

మెయిలు పక్కన ఎర్ర కన్ను వెలిగింది.



"ఏమిటే ఇది?" అంది ఆమె ఫోన్లో చెల్లెలితో. మెయిళ్ళలో దాగిన నిఘాను పట్టిచ్చే ఆ ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌కి తగిలించుకోమని వారం నుంచి పోరుపెట్టింది ఆ చెల్లెలే.

"నొక్కి చూడు."

నొక్కింది. 'మీరు దీన్ని ఎప్పుడు తెరిస్తే అప్పుడు పంపినవారికి తెలుస్తుంది' అని వచ్చింది.

మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉంచే కాగితాలను అనువదించడం ఆమె పని. ఇల్లు కదలదు. రోజూ బోలెడు మెయిళ్ళు వస్తాయి గానీ, ఎర్ర కన్ను ఈ ఒక్కదానికే ఉంది. ఏడాదిగా ఉదయం ఏడింటికి ఠంచనుగా వచ్చేది ఇదే. 'ఈరోజు ఎండ ముదురుతుంది, నీళ్ళు తాగండి.' 'సాయంత్రం వాన, గొడుగు మరవకండి.' కింద పేరుండదు. వాతావరణం చెప్పే కంపెనీ ఏదో అనుకుని రోజూ లేవగానే తెరిచేది, పిచ్చి మాలోకం!

"ఆయనేనంటావా?" అంది.

ఆయనంటే విడిపోయిన మొగుడు. ఎవరికి ఫోన్ చేసింది, ఎంతసేపు మాట్లాడింది, రోజూ కూర్చుని ఆరా తీసిన మహానుభావుడు. అతని కంట పడకూడదనే ఈ ఊరు వచ్చి తలదాచుకుంది.

"నా మెయిల్ ఆయనకెలా దొరికిందే?"

"పోస్టులో పంపే కవర్ల మీద నువ్వే అచ్చేయించుకున్నావు కదే తల్లీ! ముందు ఆ కన్ను మూసెయ్."

మూసేసింది. ఇక తను తెరిచినా పంపినవాడికి తెలియదు. తలుపు గడియ కూడా వేసింది. ఆ గడియ కొత్తది. ఈ ఊరొచ్చిన రెండో నెలలో జ్వరం ముదిరి, ఒంటి మీద తెలివి లేకుండా పడిపోయింది. ఎవరో తలుపు పగలగొట్టించి ఆసుపత్రిలో చేర్చారు. ఎవరని అడిగితే మేడలో అందరూ 'ఎవరో' అన్నవాళ్ళే.

మర్నాడు ఏడింటికి మెయిలు వచ్చింది.

'ఈరోజు చలి. బాగున్నారా?'

ఇన్నాళ్ళలో ఎప్పుడూ లేని ప్రశ్న. 

రెండో రోజు: 'దయచేసి ఒక్కసారి తెరవండి.'

"చూశావా, విలవిల్లాడుతున్నాడు!" అంది చెల్లెలు. "భయపడకు. నేను ఆదివారం వస్తున్నాగా."

మూడో రోజు మెయిలు రాలేదు.

తలుపు చప్పుడైంది.

తలుపుకున్న అద్దం కంతలోంచి చూసింది. ఎవరో ముసలాయన. మూడంతస్తులు ఎక్కి వచ్చినందుకు కాబోలు, గోడ పట్టుకుని రొప్పుతున్నాడు.

"అమ్మా! ఉన్నారా అమ్మా?"

"ఎవరు?"

"రోజూ మెయిలు పంపేవాణ్ణమ్మా. మూడు రోజులుగా తెరవట్లేదు, అందుకని..."

ఆమె కుర్చీ తెచ్చి తలుపుకు అడ్డం పెట్టింది.

"ఆయన పంపాడా నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా. నేనే..."

"నోర్ముయ్! నేనెప్పుడు ఏం తెరుస్తానో నీకెందుకు? సిగ్గులేదూ, ఆ వయసులో? ఇంకోసారి మెయిలు వచ్చిందంటే పోలీసుల్ని పిలుస్తా!"



"అలాగేనమ్మా. ఇంక పంపను. గొంతు విన్నాను, చాలు."

మెట్లు దిగుతున్న చప్పుడు. ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి.

ఆ తర్వాత మెయిలు రాలేదు. పీడ వదిలిందనుకుంది. అయినా ఏడయ్యేసరికి కళ్ళు వాటంతటవే తెర మీదికి పోయేవి. తనను తానే తిట్టుకునేది.

మూడు వారాల తర్వాత కంపెనీకి ఒప్పందం కాగితాలు రిజిస్టర్ పోస్టులో పంపడానికి పోస్టాఫీసుకు వెళ్ళింది. కవరు ఇవ్వబోయి ఆగిపోయింది. కౌంటర్ వెనక గోడ మీద ఫొటో. ఆ ముసలాయనే.

"ఆయన... ఎవరండీ?"

"మా పాత పోస్ట్‌మానండీ. నిద్రలోనే పోయారు, వారమైంది," అంది కౌంటర్లో ఆవిడ. "విచిత్రమైన మనిషి లెండి. రిజిస్టర్ ఉత్తరం ఇచ్చొస్తే, ముట్టినట్టు సంతకం చేసిన కార్డు వెనక్కి వెళ్ళిందాకా ఆయనకు ముద్ద దిగేది కాదు. రిటైరయ్యాకా అదే జబ్బు. ఆయన తిరిగిన వీధుల్లో ఒంటరిగా ఉండేవాళ్ళకి రోజూ మెయిలు పంపేవారు. తెరిచినట్టు తెలిస్తే పుస్తకంలో ఒక టిక్కు. తెరవలేదో, ఇంటికి పరుగే!"

"చెప్పి పంపొచ్చు కదండీ." అంది ఆమె.

"మేమూ పోట్లాడామండీ, అడక్కుండా అలా చూడటం తప్పని. చెబితే మొహమాటపడి వద్దంటారు అనేవారు. మొండి మనిషి! ఈమధ్య ఎవరో తిట్టారట, రెండు రోజులు దిగులుగా తిరిగారు. ఇదిగో, ఇదే ఆ పుస్తకం. ఈసారి అందర్నీ అడిగి, మేం పంపుదామని తీశాం. మీది ఏ ఇల్లు?"

ఆమె పుస్తకం దగ్గరికి లాక్కుని పేజీలు తిప్పింది. తన చిరునామా కనబడింది. దాని కింద వరసగా టిక్కులు, రెండు పేజీల నిండా. చివర వణుకుతున్న అక్షరాలు:

'మూడు రోజులుగా తెరవలేదు. వెళ్ళాను. బాగా తిట్టింది. గొంతు గట్టిగా ఉంది, భయం లేదు. ఇంక పంపకూడదు.'

కళ్ళు మసకబారాయి. తుడుచుకుని పేజీ వెనక్కి తిప్పింది. టిక్కులన్నిటికీ పైన, పోయినేడాది తేదీతో, మొట్టమొదటి వాక్యం:

'పెట్టెలో రెండు రోజుల ఉత్తరాలు అలాగే ఉన్నాయి, తలుపు పగలగొట్టించాను, ఊపిరి ఉంది.'