కాటుక గీత

రొయ్య ముల్లు గుచ్చుకున్న నూకరత్నం చేతికి తోడికోడలు వరహాలు పసుపు పట్టించింది. ఊళ్ళో అందరి మణికట్టుకీ ఉండే వైద్యపట్టీకి పసుపు కింద ఎరుపు కనిపించలేదు. "మామూలు వాపు. విశ్రాంతి తీసుకోండి" అని పలికింది పట్టీ. ఒకసారి తేల్చి చెప్పాక మర్నాటిదాకా అది మళ్ళీ చూడదు. అది పిలవందే అంబులెన్సు రాదు.

"పైకింతేగానీ, లోపల పిండేస్తోందక్కా!"

వరహాలు పసుపు కడిగేసి, ఎరుపు అంచున కాటుకతో గీత గీసింది. అన్నం వార్చి వచ్చేసరికి ఎరుపు గీత దాటి మోచేతిదాకా ఎక్కింది.

"రేపటిదాకా ఆగాలా? నీ మొహం!" అంటూ నూకరత్నం పట్టీని కత్తెరతో కత్తిరించేసింది.

నాడి ఆగిపోయిందనుకుని తెగిన పట్టీ పిలవడంతో, అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాటుక గీత దాటిన ఎరుపు చూడగానే ఆపరేషన్‌కి సిద్ధం చేయించింది. "లోపల కండ చచ్చిపోతోంది. మందులొక్కటే చాలవు, కోసి తీసెయ్యాలి. అయినా, పట్టీ తెంపడం నేరమని తెలీదా?"

"తెలుసండి. ముందు మా నూకరత్నాన్ని బతికించండి, తర్వాత నన్ను జైల్లో పెట్టుకోండి."

చెయ్యి దక్కింది. కొత్త పట్టీ తెచ్చిన నర్సుకి నూకరత్నం రెండో చెయ్యి చాపింది.

"కట్టండి. మా అక్క కత్తెర మాత్రం నా దిండు కిందే ఉంటుంది."