పోలి వేసిన ముడి

ఇది అబద్ధమనే మొనగాడెవడైనా ఉంటే ముందుకు రండి, నా ముక్కుతోనే జవాబు చెబుతాను! కొండల్ని ఈకల్లా ఎగరేసిన ఆ గాలివానకు రెక్క అడ్డం పెట్టి సగం ఆపిన కాకిని నేనే.

బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి. అల్లడం మగపిట్టల పని. లాగి చూసి బాగోగులు చెప్పడం ఆడపిట్టల పని. వాటిలో పోలి అనే ఆడపిట్ట మొగుణ్ణి డేగ ఎత్తుకుపోయింది. గూడు సగంలో ఆగింది, గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. పోలి తానే గడ్డిపోచ అందుకుంది.

"నీ ముక్కుకు ముడి పడుతుందా మరదలా?" అని పక్కగూటి సింగన్న నవ్వాడు.

"నాకూ అదే అనుమానం బావా," అంది పోలి. వేసిన ప్రతి ముడినీ దొంగను చూసినట్టు చూసింది. పట్టుకుని వేలాడింది. జారితే విప్పి మళ్లీ వేసింది. భలే ఉందని నేనంటే, "గుడ్ల మీద కన్నేసి పొగుడుతున్నావా కాకిమామా?" అంది!

గాలివాన రానే వచ్చింది. సింగన్న ఏనాడూ తన ముడి లాగి చూసుకున్నవాడు కాదు. అతని గూడు తెగి బావిలో పడింది. తడిసి ముద్దై పోలి గుమ్మానికి వచ్చాడు.

"లోపల గుడ్లున్నాయి, చోటు లేదు. ఆ పైముడి పట్టుకో బావా. దాని మీద నాకింకా నమ్మకం లేదు."

గాలి తగ్గేదాకా సింగన్న దాన్నే పట్టుకుని ఊగాడు. ముడి జారలేదు.

"ఇదెలా వేశావు మరదలా?" అన్నాడు వణుకుతూ.

నమ్మరా? ఆ బావిలో బోదురుకప్ప బుంగయ్యను అడగండి. సింగన్న గూడు పడింది ఆయన నెత్తి మీదే.