డెబ్బై నంబరు గొలుసులు

"ఇది వదులుగా ఉంది," అంటూ ఎల్బా ఒయార్సూన్ గొలుసును తిరిగి బల్ల మీద పెట్టింది.

అప్పటికి కొట్టు యజమాని అబుర్తో నాలుగు జతలు విప్పి చూపించాడు. అతని రేకుల కొట్టు బయట పది కార్లు వరుస కట్టి ఉన్నాయి. మంచు సన్నగా మొదలైంది. పన్నెండు కాగానే నలభై అడుగుల అవతల నిలబడ్డ పోలీసు అడ్డుకర్ర దించేస్తాడు. ఆ తరువాత కొండ మీదికి ఒక్క బండినీ పోనివ్వడు. చక్రాలకు తొడిగే గొలుసులు చూపించనిదే ఇప్పుడైనా పోనివ్వడు. అందుకే ఆ గంటలో అబుర్తోకు ఊపిరి సలపదు. ఈ పెద్దావిడ మాత్రం నల్లకోటు గుండీలు మెడదాకా బిగించుకుని, కాన్వెంటు బడిలో సిస్టర్లు నోటు పుస్తకాలు దిద్దినంత శ్రద్ధగా ఒక్కొక్క కొక్కెమూ పరీక్షిస్తోంది.

కారు తెస్తే తానే కొలిచి ఇస్తానన్నాడతను.

"కారు ఇక్కడ లేదు. చక్రం మీది అంకెలు రాసి తెచ్చాను," అని ఆమె ఒక కాగితం ఇచ్చింది. మడతల దగ్గర చిరిగితే అతికించిన కాగితం అది. పదహారు కొట్లలో చూపించానని కూడా చెప్పింది.

"పదహారు కొట్లలో దొరకనిది నా కొట్లో దొరుకుతుందా అమ్మా?"

"అదే చూస్తున్నాను."

చిన్న కారు, సన్నటి చక్రాలు. డెబ్బై నంబరు గొలుసులు కావాలి. అవి పొద్దున్నే అయిపోయాయి. ఎనభై నంబరువి ఉన్నాయి, వదులైన చోట ఇనుప తీగ చుట్టి బిగిస్తే సరిపోతుందన్నాడు. అది నచ్చకపోతే చక్రాలకు తొడిగే గుడ్డ తొడుగులు ఉన్నాయన్నాడు. వాటి సంగతి ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. కొత్త మంచులో పరవాలేదు గానీ, గడ్డకట్టిన మలుపుల్లో గుడ్డ గుడ్డేనని అతను ఒప్పుకున్నాడు. ఏ చక్రాలకు కట్టాలని అడిగితే, ఇంజను లాగేది ముందు చక్రాలను గనుక ముందువాటికేనన్నాడు. వదులు గొలుసు మలుపులో ఊడితే ఏమవుతుందని అడిగింది. చక్రానికి చుట్టుకుంటుంది, ఇక స్టీరింగు మాట వినదని తేలిగ్గా చెప్పాడు.

వరుసలోంచి ఒక బట్టతలాయన గొంతెత్తాడు. "పెద్దమ్మా, ఏరుతున్నది గొలుసులా, పెళ్ళినగలా?"

వెనక ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నా కూతురి కారుకు, బాబూ. నగలైతే ఇంత చూడను. అది కొండెక్కిందంటే నా ప్రాణం నిలవదు."

బట్టతలాయన తల దించుకున్నాడు. ఆమె అబుర్తో వైపు తిరిగింది.

"ఊడితే అంత ప్రమాదమని తెలిసి కూడా తీగ చుట్టి ఇస్తావా?"

"అందరికీ ఇస్తున్నదే కదమ్మా. పోయిన ఏడాది డెబ్బైలు అయిపోతే ఒక అమ్మాయికి ఇలాగే కట్టి ఇచ్చాను. జామ్మని ఎక్కి వెళ్ళిపోయింది."

"నువ్వు చూశావా?"

"మొదటి మలుపు దాకా చూశాను."

ఆమె చేతులు కోటు జేబుల్లో దోపుకుంది. చలికి కాబోలనుకుని అతను కుంపటిని కాలితో ఆమె వైపు నెట్టాడు. ఆమె దానివైపు చూడలేదు, అతని వెనక గోడను చూస్తోంది. అక్కడ మూడు గుర్తింపు కార్డులు మేకులకు వేలాడుతున్నాయి. వాటి కింద ఎర్రరంగుతో 'దొంగలు' అని రాసి ఉంది.

అవేమిటని ఆమె అడిగితే అబుర్తో కాస్త గర్వంగానే చెప్పాడు. ఈ దారిలో ఎవరైనా గుర్తింపు కార్డు తాకట్టు పెట్టి గొలుసులు అద్దెకు తీసుకుంటారు, సాయంత్రం గొలుసులిచ్చి కార్డు తీసుకుపోతారు. ఈ ముగ్గురూ గొలుసులు ఎగ్గొట్టినవాళ్ళు. కార్డు పోతే ఇంకొకటి చేయించుకోవచ్చునన్న ధీమా. వాళ్ళ ముఖాలు వచ్చేపోయేవాళ్ళంతా చూడాలనే అక్కడ పెట్టాడు.

"పోలీసులకు చెప్పావా?"

"రెండు గొలుసులకు పోలీసులెందుకమ్మా?"

ఆమె ఒక్కొక్క కార్డు గురించీ అడిగింది. మొదటిది ఒక లావుపాటి వ్యాపారిది, రెండోది ఒక విద్యార్థిది.

"ఆ మూడోది, చెప్పానే, తీగ కట్టించుకున్న పిల్ల. ముఖం చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకదనిపిస్తుంది. పోయిన చలికాలం, ఆగస్టు నుంచీ అక్కడే వేలాడుతోంది. ముఖాల్ని నమ్మకూడదమ్మా."

అడ్డుకర్ర దగ్గర పోలీసు ఈల వేశాడు. ఇంకా పావుగంటే. వరుసలో హారన్లు మొదలయ్యాయి. అబుర్తో ఇక ఆగలేక రసీదు పుస్తకం తెరిచాడు.

"ఎనభైలే రాసేస్తున్నాను. పేరు చెప్పండమ్మా."

"ఎల్బా ఒయార్సూన్."

అతను రాసుకున్నాడు. "కార్డు?"

ఆమె చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి మేకు నుంచి మూడో కార్డు తీసింది. దాని మీది దుమ్మును కోటు అంచుతో తుడిచింది.

"ఆ దొంగపిల్ల కార్డు మీకెందుకమ్మా, అక్కడ పెట్టండి," అన్నాడు అబుర్తో.

ఆమె దాన్ని తెచ్చి రసీదు పక్కనే పెట్టింది. పాస్కాలా గిన్యెస్ ఒయార్సూన్. అబుర్తో చేతిలో కలం ఆగిపోయింది.

ఎల్బా ఒయార్సూన్ బట్టతలాయన వైపు తిరిగి, ఆ పోలీసును ఒకసారి ఇక్కడికి పిలుచుకు రమ్మని అడిగింది. ఆయన మంచులోకి నడిచాడు. అప్పుడామె అబుర్తో కళ్ళలోకి చూసి, గొంతు పెంచకుండా అంది.

"నా కూతురు ఎగ్గొట్టలేదు నాయనా, కొండ దిగలేదు."