గారెలు చుట్టిన కాగితం

చెవిలో పూసంత యంత్రం పెట్టుకుని రెండు మాటలంటే చాలు, ఉత్తరమైనా శుభలేఖైనా అదే రాసిపెట్టే కాలం. పిల్లలకు మళ్లీ సొంతంగా రాయడం నేర్పాలని టీచర్లకు వేసవి శిక్షణ పెట్టారు. అందరూ పూసలు తీసి గుమ్మం దగ్గర స్టీలు బకెట్లో వేశారు. ఎవరికి వారు తమ చిన్నతనం గురించి ఒక పేజీ రాస్తేనే, జూన్‌లో బడి తెరిచాక రాత క్లాసు చెప్పనిస్తారు.

పైడమ్మ టీచర్ పేజీ చూసి, శిక్షణ ఇచ్చే సన్యాసి మేష్టారు మొహం చిట్లించారు.

"ఏటమ్మా, ఒక్క కొట్టివేతా లేదు! పూస రాసిందేటి?"

"అయ్యబాబోయ్! చిత్తు రాసి, శుభ్రంగా ఎత్తి రాసినాను మేష్టారూ. ఇరవయ్యేళ్లుగా పిల్లల చేత అదే కదా చేయిస్తన్నాను!"

"చిత్తేదీ?"

"మిగిలిన గారెలు చుట్టీసినాను."

క్యారేజీ విప్పి, నూనె కాగితం తీసి ఇచ్చింది. దాన్నిండా కొట్టివేతలే. మేష్టారు ఒకచోట ఆగారు. 'అమ్మ చద్దన్నంలో ఉల్లిపాయ నలుపుతుంటే బడి మానేయాలనిపించేది.'

"ఇదెందుకు కొట్టీసినావు?"

"టీచర్ని కదండీ, బడి మానేస్తానని ఎలా రాస్తాను?"

"పూసకి ఈ మాట చస్తే తట్టదు. నీ పేజీ ఇదే," అంటూ మేష్టారు నూనె కాగితం మీదే సంతకం పెట్టారు.

జూన్‌లో పైడమ్మ దాన్ని క్లాసు గోడకు అంటించింది.

"ఇన్ని కొట్టివేతలేటి టీచర్!" అని పిల్లలు పకపకా నవ్వారు.

"నవ్వింది చాలు, మీరూ మొదలెట్టండర్రా," అంది.