కుక్కరు సమ్మతి

స్వరూప తెచ్చిన పాడైన రైస్ కుక్కరు మదర్‌బోర్డుకు మెకానిక్ ఓదెలు కరెంటిచ్చి, వేలితో తడిమాడు. ఒక కెపాసిటరు చుర్రుమంది.

"షార్టయింది గిదే చెల్లె. తీసేస్తే నడుస్తది."

కానీ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కనంది. కొత్త చట్టం ప్రకారం రిపేరుకు ముందు కుక్కరు సమ్మతి కావాలట. చచ్చిన కుక్కరు సమ్మతి ఎలా ఇస్తుందో ఆ చట్టం రాసిన మహానుభావులకే తెలియాలి.

ఓదెలు స్క్రూడ్రైవరును స్టవ్ మీద ఎర్రగా కాల్చి, కెపాసిటరు ఊడబీకాడు. కుక్కరుకు ప్రాణమొచ్చింది.

"నా సమ్మతి లేకుండా నన్ను ముట్టుకున్నారు. మీ లైసెన్సు రద్దు చేయమని ఫిర్యాదు రాస్తున్నాను. నిమిషంలో పంపు..."

ఓదెలు స్క్రూడ్రైవరు మళ్లీ కాల్చి, ఆ షార్టయిన కెపాసిటరునే భద్రంగా యథాస్థానంలో అతికించాడు. కుక్కరు నోరు పడిపోయింది.

"మరి అన్నం ఎట్ల, అన్నా?" అంది స్వరూప.

"గిన్నెల వండుకో. దానికింకా మాటలు రాలే."